‘సర్వర్ డౌన్’ వెనక ఏముంది? పోర్టళ్లు రాసే ఇంజినీర్లకు చిట్టమూరు నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాసేవల వెబ్‌సైట్లు, యాప్‌లు రాస్తున్న ఇంజినీర్లకు, వాళ్ల చేత రాయిస్తున్న అధికారులకు,

కంప్యూటర్ ముట్టుకోనివాళ్ల నోళ్లలో కూడా నానిన కంప్యూటర్ మాట ఒకటి మా చిట్టమూరు మండలంలో ఉంది: ‘సర్వర్ డౌన్’. అడంగల్ కోసం పోయినా, ఆదాయ ధ్రువపత్రానికి పోయినా, వడ్లు అమ్ముకోను ఈ-కేవైసీ వేలిముద్ర వెయ్యబోయినా ఆ మాట వినాల్సిందే. ‘సర్వర్ లేదంట నాయనా, రేపు రమ్మన్నారు’ అని చెప్పుకుంటా జనం ఇళ్లకు మళ్లుతారు. ఆ రేపటికి ఆటో చార్జీ, పోగొట్టుకున్న కూలి ఎవరూ లెక్క కట్టరు.

నేను ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. ఊరికొచ్చినప్పుడు నెట్ సెంటర్‌లో కూర్చుని, వాళ్లను అడిగి, ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పేజీలు ఏం పంపుతున్నాయో, ఏం పుచ్చుకుంటున్నాయో చూస్తుంటాను. ఏ శాఖది, ఏ పోర్టల్ అన్న పేర్లు ఇక్కడ రాయను. మీ కోడ్ ముందు పెట్టుకుని ఈ లేఖ చదివితే మీది అవునో కాదో మీకే తెలిసిపోతుంది. నేను చూసినంతలో, మావాళ్లు సర్వర్ డౌన్ అనుకున్న చాలా సందర్భాల్లో సర్వర్ నిక్షేపంగా ఉంది. రిక్వెస్ట్ రాసిన తీరే బాగాలేదు.

మీకు తెలిసిన సంగతే, మిగతా పాఠకుల కోసం రెండు ముక్కలు. బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ జవాబిస్తుంది. ఈ అడగడానికి, చెప్పడానికి ఉన్న ఒప్పందం పేరు హెచ్‌టీటీపీ. 1991లో టిమ్ బెర్నర్స్-లీ దాన్ని సెర్న్‌లో మొదలుపెట్టినప్పుడు అందులో ఉన్నది ఒక్క ‘గెట్’ మాత్రమే. ఫలానా పేజీ ఇవ్వు అని ఒక వాక్యం, అంతే. జవాబులో పని జరిగిందా లేదా చెప్పే అంకె కూడా లేదు. 1996లో అచ్చయిన 1.0 వివరణ నాటికి సమాచారం పంపే ‘పోస్ట్’, జవాబు ముందు నిలబడే మూడంకెల కోడ్ వచ్చి చేరాయి. 200 అంటే పని అయింది, 404 అంటే అడిగింది ఇక్కడ లేదు, 500 అంటే తప్పు సర్వర్‌దే. చదవడానికి అడిగేది గెట్, ఏదైనా మార్చమని పంపేది పోస్ట్. ఈ రెంటి మధ్య తేడా ఎక్కడ చెడితే అక్కడ మా మనుషుల పని చెడుతోంది.

మన రాష్ట్రంలో కౌంటర్ ఎట్లా నడిచి వచ్చిందో ఒకసారి చూడండి. 2001లో ఈ-సేవ కేంద్రాలు హైదరాబాద్ నగరంలో మొదలయ్యాయి. 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. అంటే కౌంటర్ నగరం నుంచి మండలానికి, మండలం నుంచి ఊరికి, ఊరి నుంచి చేతిలోని ఫోన్‌కు చేరింది. మంచిదే. అయితే కౌంటర్ మాకు దగ్గరయ్యేకొద్దీ మధ్యలో తీగ బలహీనపడింది. నగరంలో గట్టి లైను మీద కూర్చున్న ఆపరేటర్ పంపిన రిక్వెస్ట్ వేరు, పులికాట్ వైపు గాలికి టవర్ సిగ్నల్ వస్తూ పోతూ ఉండే చోట పొలం గట్టు మీద నిలబడ్డ మనిషి ఫోన్ పంపిన రిక్వెస్ట్ వేరు. మీ కోడ్ ఇంకా మొదటి మనిషిని తలుచుకునే రాసినట్టుంది.

ఇప్పుడు అసలు సంగతి. సిగ్నల్ పోయిందంటే మీరు అనుకునేది రిక్వెస్ట్ పోలేదని. అది సగం నిజం. రిక్వెస్ట్ చేరి, సర్వర్ పని పూర్తిచేసి, జవాబు తిరిగొచ్చే దారిలో తెగిపోవడం కూడా అంతే మామూలు. ఫోన్‌కు రెండూ ఒకేలా కనిపిస్తాయి. చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, ఆగిపోతుంది. పని జరిగిందో లేదో పంపినవాడికి తెలిసే దారి లేదు. ఇది మీ చేతగానితనమేం కాదు. నమ్మకం లేని తీగ మీద మాట్లాడుకునే ఏ ఇద్దరికైనా ఉన్న ఇబ్బందే. కానీ దాన్ని ముందే ఊహించి కోడ్ రాయడం మీ పని.

మనియార్డరు రోజులు గుర్తున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. డబ్బు ముట్టినట్టు వేలిముద్ర పడిన చీటీ తిరిగి రాకపోతే, ఎవరైనా ఇంకో మనియార్డరు కట్టారా? చేతిలో ఉన్న రశీదు తీసుకుని పోస్టాఫీసుకు పోయి, ఈ నంబరుది ఏమైంది సామీ అని అడిగారు. నంబరు డబ్బు బయల్దేరకముందే పుట్టింది. అందుకే అడగడం సాధ్యమైంది.

మీ పేజీల్లో నంబరు ఎప్పుడు పుడుతోంది? పని అయిపోయాక, సర్వర్‌లో, జవాబుతోపాటు. జవాబు దారిలో పోతే నంబరు కూడా దానితోనే పోతుంది. దరఖాస్తుదారు చేతిలో ఏమీ ఉండదు, డబ్బు కట్ అయినట్టు బ్యాంకు పంపిన మెసేజ్ తప్ప. నెట్ సెంటర్ అబ్బాయి మళ్లీ నొక్కుతాడు. మళ్లీ డబ్బు కట్. ఒకే మనిషికి రెండు దరఖాస్తులు. తర్వాత ఒకటి ‘డూప్లికేట్’ అని తిరస్కరణకు గురవుతుంది, కొన్నిసార్లు రెండూ. కట్టిన డబ్బు వెనక్కి రావాలంటే ఎవరిని అడగాలో ఊళ్లో ఎవరికీ తెలియదు.

దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. ఫారం తెరిచినప్పుడే బ్రౌజర్‌లో ఒక ప్రత్యేక సంఖ్య పుట్టించండి. పంపే ప్రతిసారీ అదే సంఖ్య వెంట పంపండి. సర్వర్ ఆ సంఖ్యను డేటాబేస్‌లో ఒక్కసారే నిలిచేలా రాసుకోవాలి. అదే సంఖ్యతో రెండో రిక్వెస్ట్ వస్తే పని మళ్లీ చెయ్యకుండా, మొదటిసారి ఇచ్చిన జవాబునే తిరిగివ్వాలి. డబ్బు వ్యవహారాల్లో దీన్ని ఐడెంపొటెన్సీ కీ అంటారు. పేరు నోరు తిరగదు గానీ పని చిన్నదే. ఒకే మాట పదిసార్లు చెప్పినా పని ఒక్కసారే జరగాలి. హెచ్‌టీటీపీ ప్రమాణం గెట్, పుట్, డిలీట్ పద్ధతులకు ఈ గుణం ఉండాలని చెబుతుంది. పోస్ట్‌కు పుట్టుకతో ఆ గుణం లేదు, మీరే తెచ్చిపెట్టాలి. ఆ పని చెయ్యకుండా ‘దయచేసి రీఫ్రెష్ చెయ్యవద్దు, వెనక్కి నొక్కవద్దు’ అని ఎర్ర అక్షరాల్లో రాసి చేతులు దులుపుకుంటే ఎట్లా? కరెంటు పోవడం, సిగ్నల్ పోవడం మా చేతుల్లో లేదు కదా.

వాట్సాప్ మా ఊళ్లో ఎందుకు నడుస్తుందో గమనించండి. సిగ్నల్ లేనప్పుడు మెసేజ్ పక్కన గడియారం గుర్తు. పోయిందంటే ఒక టిక్కు. అవతలి ఫోన్‌కు చేరిందంటే రెండు. సిగ్నల్ వచ్చేదాకా మెసేజ్‌ను ఫోనే దాచుకుంటుంది, వచ్చాక తానే పంపుతుంది. చదువు లేని మా పెద్దమ్మకు కూడా గడియారం గుర్తు అంటే ఇంకా పోలేదని తెలుసు. మీ దరఖాస్తు పేజీలో అటువంటి ఒక్క గుర్తు ఉందా? ఇంకో సంగతి. వాట్సాప్‌లో నడిచే వ్యాపార సేవలకు వినియోగదారుడి మెసేజ్ చేరేది కూడా ఒక పోస్ట్ రిక్వెస్ట్‌గానే. అందినట్టు మీ సర్వర్ 200 చెప్పకపోతే అటువైపు నుంచి అదే మెసేజ్ మళ్లీ వస్తుంది. కాబట్టి ఫోన్‌లోకి మారినంత మాత్రాన రెండుసార్లు జరిగే జబ్బు పోదు. ప్రతి మెసేజ్‌కూ ఉన్న గుర్తింపు సంఖ్యను చూసుకోకపోతే, అక్కడా ఒక దరఖాస్తు రెండవుతుంది.

ఇక 200 సంగతి. ఇది చెప్పేటప్పుడు కొంచెం కోపం వస్తే మన్నించండి. సర్వర్ లోపల డేటాబేస్ పడిపోయింది. మీరు పంపే జవాబు మీద అంకె 200, అంటే అంతా బాగుంది అని. లోపల చూస్తే ‘ఎర్రర్’ అన్న మాట. ఇంకో పేజీలో జేసన్ రూపంలో సమాచారం రావాల్సిన చోట లాగిన్ పేజీ మొత్తం హెచ్‌టీఎంఎల్‌గా వచ్చి పడుతుంది, దాని మీదా 200. పేజీలోని స్క్రిప్ట్ దాన్ని చదవలేక నోరు మూసుకుంటుంది. తెర మీద ఏమీ జరగదు. ఆపరేటర్ ఏం చేస్తాడు? సర్వర్ డౌన్ అంటాడు. అతన్ని ఎట్లా తప్పుపడతాం? మీరు అబద్ధం చెప్పారు, అతను తనకు తోచిన అర్థం చెప్పాడు. తాత్కాలికంగా సేవ లేకపోతే 503 అనండి. అడుగుతున్నవాళ్లు మరీ ఎక్కువైతే 429 అనండి. ఎంతసేపటి తర్వాత రావాలో చెప్పే ‘రిట్రై-ఆఫ్టర్’ అన్న శీర్షిక ప్రమాణంలో ఏనాటినుంచో ఉంది. ‘ఇరవై నిమిషాలాగి మళ్లీ ప్రయత్నించండి’ అని తెలుగులో తెర మీద కనిపిస్తే మనిషి టీకొట్టు దగ్గర కూర్చుంటాడు, రేపటికి ఆటో ఎక్కడు.

మళ్లీ ప్రయత్నించడంలోనూ ఒక మర్యాద ఉంది. అది తప్పితే ఏమవుతుందో 2025 ఏప్రిల్ 12న దేశమంతా చూసింది. ఆరోజు యూపీఐ గంటల తరబడి కుంటింది. తర్వాత యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తేల్చిన కారణం ఏమిటంటే, లావాదేవీ ఏమైందో కనుక్కునే ‘చెక్ ట్రాన్సాక్షన్’ రిక్వెస్టులను కొన్ని బ్యాంకులు అదేపనిగా, పాత లావాదేవీల గురించి కూడా, కుమ్మరించాయి. డబ్బు పంపే రిక్వెస్టుల వరద కాదది, ఏమైంది ఏమైంది అని అడిగే ప్రశ్నల వరద. తర్వాతి సర్క్యులర్లలో ఒక లావాదేవీ గురించి రెండు గంటల్లో 3 సార్లకు మించి అడగవద్దని హద్దు పెట్టారు. మీ యాప్‌లు జవాబు రాకపోతే సెకనుకోసారి తడుతుంటే, పంట వివరాలు ఎక్కించే ఈ-క్రాప్ నమోదు గడువు చివరి రోజున రాష్ట్రమంతా ఒకేసారి తట్టినప్పుడు, బాగున్న సర్వర్ కూడా నిజంగానే పడిపోతుంది. మొదటిసారి రెండు సెకన్లు, తర్వాత నాలుగు, ఎనిమిది, అట్లా ఎడం పెంచుకుంటూ పోవాలి. దానికి తోడు ఒక్కో ఫోన్ కొంచెం అటూఇటుగా ఆగాలి, లేదంటే అందరూ కలిసి ఆగి అందరూ కలిసే మళ్లీ తడతారు. ఈ ఉపాయం కొత్తదేం కాదు. 1971లో హవాయి దీవుల మధ్య రేడియో మీద కంప్యూటర్లను కలిపిన అలోహానెట్ ఇట్లాగే, ఢీకొన్నప్పుడు ఎవరికి తోచినంతసేపు వాళ్లు ఆగి మళ్లీ పంపే పద్ధతి మీదే నడిచింది.

బరువు గురించి చెప్పాలి. తెలుగు బరువైన లిపి, కంప్యూటర్ లెక్కలో. ‘చిట్టమూరు’ అని రాయడానికి యూనికోడ్‌లో 9 సంకేతాలు పడతాయి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు, అంటే 27 బైట్లు. దీన్నే మీ కోడ్ గెట్ రిక్వెస్ట్‌లో, వెబ్ చిరునామా చివర తగిలిస్తే, ప్రతి బైటూ శాతం గుర్తుతో కలిసి మూడు అక్షరాలవుతుంది: మొత్తం 81. కొన్ని ప్రోగ్రామింగ్ భాషలు జేసన్ తయారుచేసేటప్పుడు, వద్దని చెప్పకపోతే, ఒక్కో తెలుగు సంకేతాన్ని ఆరేసి అక్షరాల కోడ్‌గా మార్చేస్తాయి: 54. ఇంగ్లిష్‌లో ఈ ఊరి పేరు పది బైట్లు. దీనికి విరుగుడు తెలుగు మానేసి ఇంగ్లిష్‌లో పెట్టడం అని దయచేసి అనకండి. జిజిప్ కుదింపును ఆన్ చెయ్యండి. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండింటిలో ఒకటి. ఇంత పునరుక్తి ఉన్న సరుకు కుదించడానికి అనువైనది. కుదింపు లేకుండా రాష్ట్రంలోని ఊళ్ల జాబితా మొత్తాన్ని, పేజీ తెరిచిన ప్రతిసారీ దించడం నేను చూశాను. మండలం ఎంచుకున్నాక ఆ మండలం ఊళ్లు అడిగితే చాలదా?

జాబితా మాట వచ్చింది కాబట్టి మా ఊరి కష్టం ఒకటి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్విభజించినప్పుడు మా మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. ఆ తర్వాత చాన్నాళ్లు ఒక పేజీలో నెల్లూరు కింద వెతకాలి, ఇంకోదానిలో తిరుపతి కింద. ఒకే కంప్యూటర్‌లో నిన్న ఒకరకం, ఇవాళ ఒకరకం కూడా కనిపించింది. పాత జాబితాను బ్రౌజర్ దాచుకుని అదే చూపిస్తుంటే జరిగేది ఇదే. దాచుకోమనడం మంచి పనే, బరువు తగ్గుతుంది. కానీ జాబితాకు ఈ-ట్యాగ్ అనే ముద్ర వేసి పంపితే, బ్రౌజర్ తర్వాతిసారి ‘ఈ ముద్ర ఉన్న జాబితా నా దగ్గర ఉంది, మారిందా?’ అని మాత్రం అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అని ఒక అంకె చెప్పి ఊరుకుంటుంది, జాబితా మళ్లీ దిగదు. మారితే కొత్తది ఇస్తుంది. అట్లాగే ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు సమాచారం పోయేటప్పుడు ఊరిని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో పోల్చకండి. మా ఊరి పేరు చివర ఒకచోట ఒక అక్షరం ఉంటుంది, ఇంకోచోట ఉండదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక సంఖ్య ఇచ్చింది. ఆ సంఖ్య పంపుకుంటే సరిపోతుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఒకటుంది. ఆధార్ నంబరును గెట్ రిక్వెస్ట్‌లో, చిరునామా చివర పెట్టి పంపుతున్న పేజీలు. నెట్ సెంటర్ కంప్యూటర్ ఊరందరిదీ. చిరునామా బ్రౌజర్ హిస్టరీలో మిగిలిపోతుంది, దారిలోని సర్వర్ల లాగ్‌లలో మిగిలిపోతుంది. తర్వాత వచ్చిన మనిషి మొదటి అక్షరం టైప్ చేస్తే చాలు, అంతకుముందు వచ్చిన మనిషి ఆధార్ నంబరుతో సహా చిరునామా కిందికి వాలుతుంది. తాళం గుర్తు ఉంది కదా అనకండి. హెచ్‌టీటీపీఎస్ దారిలో కాపాడుతుంది, చివరన ఉన్న కంప్యూటర్‌లో కాపాడదు. గుట్టుగా ఉంచాల్సినవి చిరునామాలో పెట్టవద్దని ప్రమాణమే హెచ్చరిస్తోంది.

గెట్‌తో మార్పులు చేయించడం కూడా ఇటువంటి తప్పే. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అని ఒక సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. మనిషి నొక్కకముందే పేజీలోని లింకులను తానే తెరిచి పెట్టుకుని వేగం పెంచుదామని దాని ఆలోచన. కొన్ని సైట్లలో ‘తొలగించు’ అన్నది కూడా మామూలు గెట్ లింకే. యంత్రం వాటినీ తెరిచింది, జనం సొంత సమాచారం ఎగిరిపోయింది. ఇప్పటికీ ‘దరఖాస్తు రద్దు’ను లింకుగా పెట్టినవాళ్లున్నారు, ఏం ధైర్యమో!

సెషన్ గడువు గురించి క్లుప్తంగా. హెచ్‌టీటీపీకి స్వతహాగా జ్ఞాపకం లేదు. ప్రతి రిక్వెస్టూ దానికి కొత్త మనిషే. 1994లో నెట్‌స్కేప్‌లో పుట్టిన కుకీ ఆ లోటు పూడ్చింది. గడువు పెట్టండి, భద్రతకు కావాలి. కానీ ముసలాయన పాస్‌బుక్ వెతికి, మనవడికి ఫోన్ చేసి ఓటీపీ కనుక్కుని, వేలు తుడుచుకుని మూడోసారికి ముద్ర పడేలోగా మీ గడువు దాటిపోతుంది. దాటితే లాగిన్ మాత్రం మళ్లీ అడగండి, నింపిన ఫారం పారెయ్యకండి. నెట్ సెంటర్ కంప్యూటర్ అయితే పని ముగిశాక ఆ ఫారాన్ని తుడిచెయ్యండి.

‘పక్కనే శ్రీహరికోటలో రాకెట్లు ఎగురుతుంటే ఇక్కడ సర్వర్ డౌనా’ అని మావాళ్లు ఎద్దేవా చేస్తుంటారు. నాకు ఆ ఎత్తిపొడుపు మీద పెద్ద మోజు లేదు గానీ, అందులో నేర్చుకోదగ్గది ఒకటుంది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహానికి ఎప్పుడూ సిగ్నల్ ఉండదు. తీసినవి తన దగ్గర దాచుకుని, షాద్‌నగర్‌లోని గ్రౌండ్ స్టేషన్‌కు కనుచూపులోకి వచ్చినప్పుడు దించుతుంది. సిగ్నల్ పోవడం అక్కడ ప్రమాదం కాదు, లెక్కలో ముందే వేసుకున్న మామూలు సంగతి. బ్రౌజర్‌లోనూ దాచుకునే చోటుంది, ఇండెక్స్‌డ్‌డీబీ అంటారు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను నెల్లూరు, తిరుపతి జిల్లాలను వానతో ముంచి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి వారంలో పంట నష్టం రాసుకునే మనిషికి కావాల్సింది సిగ్నల్ లేకున్నా నమోదు చేసుకుని, వచ్చినప్పుడు పంపి, పంపిందో లేదో నిజం చెప్పే యాప్. ఈ తీరానికి తుపానులు కొత్త కాదు, ఇంకా వస్తాయి.

ఇవన్నీ ఒక్కసారిగా చెయ్యమని అడగడం లేదు. కొత్త టెండరూ అక్కర్లేదు, కొత్త పోర్టల్ అసలే అక్కర్లేదు. మీ పేజీల్లో డబ్బు పుచ్చుకునే పేజీ ఒక్కటి తెరవండి. పరీక్ష సర్వర్ మీదే చాలు. ‘సబ్మిట్’ నొక్కిన మరుక్షణం నెట్ ఆపేయండి. రెండు నిమిషాలాగి నెట్ పెట్టి మళ్లీ నొక్కండి. తర్వాత డేటాబేస్ తెరిచి ఎన్ని వరుసలు పడ్డాయో చూడండి. రెండు పడి ఉంటే, వేరే ఏ పని చేతిలో ఉన్నా పక్కనపెట్టి ముందు అది సరిచెయ్యండి.

ఇట్లు,
చిట్టమూరు మండలవాసి